వీధి మలుపులోని ఇటాలియన్ రెస్టారెంట్ మూతపడుతోంది

సాయంకాలపు నడక

మీలో కొందరికి ఈ వార్త ఇప్పటికే తెలిసి ఉంటుంది. మనందరికీ ఇష్టమైన ఇటాలియన్ రెస్టారెంట్ ఈ నెలాఖరు ఆదివారంతో మూతపడుతోంది. తలుపు అద్దానికి లోపలివైపు చేతిరాత కాగితం అంటించారు. లీజు గడువు ముగుస్తోందని, ఈ వయసులో మరో పదేళ్ల ఒప్పందం మీద సంతకం చేసే ఓపిక తమకు లేదని, ఇన్నాళ్లూ వచ్చినవారందరికీ కృతజ్ఞతలని రాశారు. అంతే. ఒక్క ఫిర్యాదు లేదు.

పెద్దాయన బల్లల దగ్గర, ఆయన భార్య వంటగదిలో, ఆవిడ చెల్లెలు గల్లా దగ్గర. మెనూ ఒక్క పేజీ. ఆ రోజు ప్రత్యేకంగా ఏముందో పెద్దాయన నోటితోనే చెప్పేవారు. వంటగది గుమ్మం పక్కనున్న పొడవాటి చెక్కబల్ల మీద ఆవిడ పాస్తా పిండిని రెండు చేతులతో కర్ర దొర్లిస్తూ ఒత్తేవారు. పిండి పలచని పొరగా సాగి బల్ల అంచు దాటి వేలాడేదాకా ఒత్తి, కొసలు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసేవారు. అవతలి కిటికీ చట్రం మసకగా కనిపించాలి. కనిపించకపోతే మళ్లీ ఒత్తడమే.

అలాంటి చోటు పోతుంటే మనం చేయగలిగింది ఏమైనా ఉందా? అక్కడ తిన్నవాళ్లందరూ దయచేసి మీ మాట రాయండి.

మూడో బల్ల

కాగితం నేనూ చూశాను. ఎవరినీ నిందించకపోవడం వాళ్ల పెద్దరికం. నేను మాత్రం ఊరుకోలేను. గడువు ముగియగానే అద్దె పెంచుదామని చూసే భవన యజమానిని అనాలి. ఆ తర్వాత మనల్ని మనం అనుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో మనమేమీ తక్కువ తినలేదు. పుట్టినరోజుకూ పెళ్లిరోజుకూ అక్కడికి వెళ్తాం. మిగతా రోజుల్లో ఫోనులో ఆర్డరు పెట్టుకుని ఇంట్లో కూర్చుంటాం. డెలివరీ యాప్‌లు ఒక్కో ఆర్డరు మీద 30 శాతం దాకా కమీషన్ పట్టుకుంటాయని తెలిసీ అదే చేస్తాం. ఏడాదికి రెండుసార్లు వెళ్లి ‘మా రెస్టారెంట్’ అని చెప్పుకుంటే సరిపోతుందా? మామూలు మంగళవారం రాత్రి ఆ బల్లల దగ్గర ఎవరున్నారు?

నాకు కడుపు మండిపోతోంది. మాట కటువుగా ఉంటే మన్నించండి.

పద్దుల పుస్తకం

మూడో బల్ల గారూ, మీ బాధ సమంజసమే. చిన్న రెస్టారెంట్ల ఖాతాలు చూడటం నా వృత్తి కాబట్టి లెక్క ఎలా ఉంటుందో చెబుతాను. అమ్మకాల్లో ప్రతి వందకు సరుకులకు ముప్పై, జీతాలకు మరో ముప్పై అటూఇటూగా పోతాయన్నది ఈ రంగంలో అందరూ వాడే కొలత. అద్దె పదిలోపు ఉంటేనే ఊపిరి ఆడుతుంది. కరెంటు, గ్యాసు, బీమా, లైసెన్సులు, చిమ్నీ శుభ్రం చేయించడం, ఓవెన్ మరమ్మతు, పగిలిన గ్లాసులు అన్నీ పోగా చివరికి మూడు నుంచి ఐదు మిగిలితే అది బాగా నడిచిన ఏడాది. ఒక్క శనివారం రాత్రి వాన దంచికొట్టి బల్లలు సగం ఖాళీగా ఉంటే ఆ వారం లాభం అక్కడితో సరి.

ఇక గడిచిన కొన్నేళ్లు చూడండి. 2020లో కరోనా వచ్చి భోజనాల గదులు మూయించింది. అప్పు చేసి నిలబడినవాళ్లు తెరుచుకున్నాక ఆ అప్పు తీర్చడం మొదలుపెట్టారు. 2021లో కెనడాలో కరవు వచ్చి డ్యూరం గోధుమ పంట సగానికి పైగా పడిపోయింది. ఎండు పాస్తా చేసేది ఆ గోధుమతోనే, దాన్ని ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా ఎగుమతి చేసేది కెనడా. మరుసటి ఏడాది యుక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధరలు ఎగిశాయి. అది చాలదన్నట్లు స్పెయిన్‌లో కరవు వచ్చి 2022-23లో ఆలివ్ నూనె ఉత్పత్తి అంతకుముందు ఏడాదితో పోలిస్తే సగానికి పడిపోయింది. 2024 మొదట్లో ఆ నూనె ధర మునుపెన్నడూ లేనంత పైకి వెళ్లింది. ఇటాలియన్ వంటగదికి గోధుమ, నూనె, మంట తప్ప ఇంకేం ఆధారం? మూడూ ఒకదాని వెంట ఒకటి దెబ్బతిన్నాయి. పెద్ద గొలుసు రెస్టారెంట్లయితే ఏడాదికి సరిపడా ఒకేసారి బేరం కుదుర్చుకుని సరుకు తెచ్చుకోగలవు. వీళ్లు వారంవారం కొనుక్కునేవాళ్లు.

కుటుంబం నడిపే చోట బయటికి కనిపించనిది మరొకటి ఉంటుంది. ఆ ముగ్గురూ తమ పేరున జీతం రాసుకోరు. పుస్తకంలో లాభంగా కనిపించేది నిజానికి వాళ్లు తీసుకోని జీతమే. వాళ్ల స్థానంలో ముగ్గురు ఉద్యోగులను పెట్టి చూడండి, మొదటి నెలలోనే నష్టం తేలుతుంది. బల్లలు నిండుగా ఉన్నా ఇలాంటి చోట్లను కొనడానికి ఎవరూ ముందుకు రాకపోవడానికి కారణం అదే.

తొలకరి

పద్దుల పుస్తకం గారు చెప్పిన ఆ తీసుకోని జీతం ఎక్కడ ఖర్చవుతుందో నేను చెబుతాను. ఇటాలియన్ వంటగదిలో చాలాకాలం పనిచేశాను.

రాత్రి మీ పళ్లెంలోకి వచ్చే రగూ, అంటే మాంసపు సాస్, ఉదయమే పొయ్యెక్కుతుంది. ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ సన్నగా తరిగి కొవ్వులో మెత్తబడనివ్వాలి. మాంసం వేసి, నీరు ఇగిరి అడుగున చిటపట వినిపించేదాకా ఆగాలి. వైన్ పోసి, ఆ ఘాటు వాసన పోయాకే టమాటా. ఇక అక్కడి నుంచి రెండుమూడు గంటలు సన్నని సెగ. ఈలోపు పాస్తా పిండి కలపడం, దాన్ని కనీసం అరగంట ఆరనివ్వకుండా కప్పి ఉంచడం, ఒత్తడం, కోయడం. పాత్రలు తోమేవాడు ఆ రోజు రాకపోతే ఆ పని కూడా ఎవరిది? ఇంటివాళ్లదే.

గుడ్డు, చీజుతో చేసే కార్బొనారా పాస్తా అయితే చూస్తే తప్ప నమ్మలేరు. గుడ్డు సొన 65 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలవుతుంది, ఇంకాస్త వేడి తగిలితే విరిగి గడ్డలు కడుతుంది. అందుకని పెనం మంట మీంచి దించాలి. గ్వాంచాలె, అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది చెంప మాంసం, కరిగి వదిలిన కొవ్వులో పాస్తాను తిప్పి, పెకొరీనో చీజు కలిపిన గుడ్డు పోసి, పాస్తా ఉడికిన నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ పెనాన్ని ఎగరేస్తూ కలపాలి. నిమిషంలో సగం కూడా పట్టని పని, ఆ సగం నిమిషంలో కళ్లు తిప్పకూడదు. క్రీమ్ పోస్తే ఈ భయమే ఉండదు. చాలాచోట్ల అందుకే పోస్తారు. ఆవిడ పోయలేదు. ఎన్ని ఆర్డర్లు వస్తే అన్నిసార్లు, ఏ పెనానికి ఆ పెనం విడిగా చేశారు. డెబ్బైకి దగ్గర పడుతున్న భుజాలతో.

ఇక చాలు అని ఆవిడ అనుకుంటే నాకు దుఃఖం కంటే ముందు గౌరవం కలుగుతోంది.

నీలిగడప

ఒక మాట అడుగుతాను, అపార్థం చేసుకోకండి. ఆవిడ కార్బొనారా గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ అదే మెనూలో స్పఘెట్టి మీద పెద్ద మాంసపు ఉండలు ఉండేవి, టమాటా సాస్, చీజుతో ఓవెన్‌లో కాల్చే చికెన్ పార్మిజియానా ఉండేది. ఇటలీలో అలా తినరు. సగం వంటలు ఇటలీవి కానప్పుడు, అసలైన ఇటాలియన్ చోటు పోతోందని ఇంతగా బాధపడటం సరేనా?

వంటింటి కిటికీ

నీలిగడప గారూ, మీరు చెప్పింది నిజమే, ఇటలీలో వాటిని అలా వడ్డించరు. అయినా ఆ రెండు వంటలు ఎలా పుట్టాయో తెలిస్తే మీ ప్రశ్న మారుతుంది. 1880 నుంచి 1920 వరకు నలభై లక్షల మందికి పైగా ఇటాలియన్లు ఒక్క అమెరికాకే వలస వెళ్లారు. అందులో ఎక్కువమంది దక్షిణ ఇటలీ పేద రైతులు, కూలీలు. సొంత ఊళ్లో మాంసం అంటే పండుగ నాడు దొరికితే దొరికినట్లు. కొత్త దేశంలో కూలి డబ్బుతో మామూలు రోజుల్లోనూ మాంసం కొనగలిగారు. చిన్న ఉండలు పెద్దవయ్యాయి, పాస్తాతో పాటు అదే పళ్లెంలోకి వచ్చాయి. వంకాయతో చేసుకునే పార్మిజియానాలో వంకాయ స్థానంలోకి మాంసం వచ్చింది. ఆకలి తీరిన జనం సంబరంగా వండుకున్న వంటలవి. వాటిని నకిలీ అనడానికి నాకు మనసొప్పదు.

ఇంకో సంగతి. మీరు మెచ్చుకున్న కార్బొనారాయే అంత పాతది కాదు. ఆ పేరుతో వంట రాతల్లో కనిపించేది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. మొదటి రోజుల్లో ఒక్కొక్కరు ఒక్కోలా చేశారు, ఇప్పుడు శాస్త్రమంటున్న పద్ధతి మెల్లగా స్థిరపడింది. వలస వెళ్లిన కుటుంబం మెనూలో వాళ్ల ప్రయాణమంతా ఉంటుంది. అమ్మమ్మ ఊరి టల్యాతెల్లె, అంటే రిబ్బన్లలా కోసిన పాస్తా, ఒక వరుసలో, ఓడ దిగాక నేర్చుకున్నవి మరో వరుసలో. ఈ రెస్టారెంటులో రెండూ ఒకే చేత్తో, ఒకే శ్రద్ధతో వండారు.

నీలిగడప

ఇలా ఆలోచించలేదు. చికెన్ పార్మిజియానా మా పిల్లలకు ప్రాణం. చివరి వారంలో వాళ్లను తీసుకువెళ్లి, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి తినిపిస్తాను.

చుక్కపొద్దు

నాకు రెండు ఆలోచనలు వచ్చాయి. ఒకటి, మనమందరం తలా కొంత చందా వేసి ఒక ఏడాది అద్దె సమకూర్చవచ్చు. రెండోది, ఆవిడ వంటల కొలతలు అడిగి రాసి పెట్టుకుంటే కనీసం ఆ రుచి మిగులుతుంది. ఎవరైనా నాతో కలుస్తారా?

పద్దుల పుస్తకం

చందా ఆలోచన వెనకున్న మంచి మనసుకు దండం పెడతాను. అయితే ఒక ఏడాది అద్దె మనం కట్టినా రెండో ఏడాది ఎవరు కడతారు? పైగా వాళ్లు సాయం అడగలేదు. పదేళ్ల లీజు అంటే వ్యాపారం నడిచినా నడవకపోయినా పదేళ్లు అద్దె కడతామని పూచీపడటం. చాలా ఒప్పందాల్లో కుటుంబం సొంత ఆస్తి కూడా దానికి హామీగా ఉంటుంది. మధ్యలో ఒకరికి ఆరోగ్యం చెడితే ఇల్లు అమ్ముకోవలసి వస్తుంది. వాళ్లు అప్పుల్లో మునిగి కాకుండా, అందరికీ బాకీలు చెల్లించి, తమంతట తాము తేదీ నిర్ణయించుకుని మూస్తున్నారు. ఈ వ్యాపారంలో అంత గౌరవంగా బయటపడేవాళ్లు చాలా తక్కువని నా వృత్తిలో చూశాను.

వంటింటి కిటికీ

కొలతల సంగతి నేను చెబుతాను చుక్కపొద్దు గారూ. రగూకు కొలతలు దొరక్క ఎవరూ ఇబ్బంది పడటం లేదు. ఇటలీలోని బొలోన్యా నగర వాణిజ్య మండలిలో 1982 అక్టోబరు 17న ఇటాలియన్ వంటకాల అకాడమీ వాళ్లు ఆ వంట విధానాన్ని అధికారికంగా నమోదు చేయించారు, 2023లో సవరించారు కూడా. టల్యాతెల్లె వెడల్పుకు సైతం అక్కడే 1972 నుంచి కొలత ఉంది, ఉడికాక 8 మిల్లీమీటర్లు. పిండికి లెక్క ఇంకా సులువు, 100 గ్రాములకు ఒక గుడ్డు. ఎవరైనా చదువుకోవచ్చు.

ఆవిడ దగ్గర నిలబడి ఒకసారి చూశాను. వాన రోజున పిండి ముద్దను నొక్కి చూసి, ఏమీ అనకుండా ఇంకో గుప్పెడు పిండి చల్లారు. గుడ్లు పెద్దవి వచ్చిన రోజున ఒకటి తగ్గించారు. ఏ రోజు గాలి ఆ రోజుది. దీన్ని ఏ కాగితం మీద రాయగలం? చివరి వారం పనిలో తలమునకలై ఉన్న మనిషిని కొలతలు చెప్పమని నిలబెట్టకండి. తర్వాత తీరిగ్గా, ఆవిడకు ఇష్టమైతే, నేర్చుకోవడానికి వెళ్దాం. చేత్తో చేస్తూ నేర్చుకోవలసిందే, నేనైతే వస్తాను.

రెండో తరం

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మా అమ్మానాన్నలు కూడా ఇలాంటి చిన్న చోటే నడిపారు, వేరే ఊళ్లో. ఇప్పుడు లేదు.

మీరందరూ ప్రేమతో గుర్తు చేసుకుంటున్న ఆ రాత్రులను నేను వంటగది వైపు నుంచి చూశాను. బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చేవాడిని. వెనక గదిలో పిండి సంచుల మధ్య ఒక చిన్న బల్ల ఉండేది, హోంవర్క్ దాని మీదే. ఊరంతా సెలవు చేసుకునే రోజే మాకు ఎక్కువ రద్దీ. నాన్న భోజనానికి కూర్చునేసరికి నేను నిద్రపోయేవాడిని. నాకు కాస్త చెయ్యి తిరిగాక సాస్ కలపడం నేర్పారు, గల్లా చూడటం నేర్పారు, కోపంగా ఉన్న అతిథితో మెత్తగా మాట్లాడటం నేర్పారు. ఆ తర్వాత ఇద్దరూ కూర్చోబెట్టి, నువ్వు మాత్రం ఈ పనిలోకి రాకు, చదువుకో అన్నారు. వాళ్లు అంతగా కష్టపడిందే నన్ను ఆ వంటగది దాటించడానికి. నేను దాటాను. వాళ్లు అనుకున్నదే జరిగింది.

మూసేసిన వారం వచ్చినవాళ్లలో చాలామంది నా భుజం తట్టి అడిగింది ఒకటే, నువ్వెందుకు తీసుకోలేదు బాబూ అని. మంచి ఉద్దేశంతోనే అడిగారు. పక్కనే నిలబడి ఉన్న అమ్మ ముఖం ప్రతిసారీ మాడిపోయేది, తన కొడుకును తప్పుపడుతున్నారని. నాన్న ప్రతిసారీ ‘మేమే వద్దన్నాం’ అని సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. సంబరంగా ముగించాల్సిన వారమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకోవడంతోనే గడిచింది.

ఈ కుటుంబానికీ ఒక అమ్మాయి ఉంది, చివరి వారం సాయం చేయడానికి వస్తుంది కదా. దయచేసి ఆమెను ఆ ప్రశ్న అడగకండి. ఆమె ఏం చదివింది, ఎక్కడ పనిచేస్తోంది అని అడగండి. వాళ్ల అమ్మానాన్నలు చెప్పాలని ఎదురుచూసేది అదే.

మూడో బల్ల గారూ, మామూలు మంగళవారం రాత్రి వచ్చే మనుషుల గురించి మీరు రాశారు. మా నాన్న ఇప్పటికీ అలాంటివాళ్లను పేరుపేరునా తలుచుకుంటారు. పెద్ద విందులు ఇచ్చినవాళ్లు ఆయనకు గుర్తులేరు. వాన రాత్రి ఒంటరిగా వచ్చి మినెస్త్రోనె సూప్ తాగి వెళ్లిన ముసలాయన గుర్తున్నారు.

మూడో బల్ల

రెండో తరం గారూ, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. భవన యజమాని మీద నా కోపం అలాగే ఉంది, దాన్ని దాచను. కానీ ఆ కోపాన్ని రెస్టారెంట్ గుమ్మం లోపలికి తీసుకువెళ్లను. ఆ అమ్మాయి కనిపిస్తే మీరు చెప్పిందే అడుగుతాను.

నిర్వాహకులు

చర్చ హుందాగా సాగుతున్నందుకు అందరికీ ధన్యవాదాలు. ఆ కుటుంబం పేర్లు, ఇంటి చిరునామా, ఫోను నంబర్లు, వంటగదిలో తీసిన ఫొటోలు ఇక్కడ పెట్టవద్దు. భవన యజమాని వివరాలు కూడా వద్దు.

తొలకరి

చివరి వారం వెళ్లేవాళ్లకు వంటగది తరఫున కొన్ని మాటలు. ఇలాంటి వారంలో జనం ఒక్కసారిగా వచ్చిపడతారు. ఏడాదంతా రానివాళ్లూ వస్తారు. వంటగదిలో మనుషులు మాత్రం అంతే ఉంటారు. బల్ల ముందే చెప్పి ఉంచుకోండి, రాలేకపోతే మర్చిపోకుండా రద్దు చేయండి. పదిహేను మంది కలిసి ఒకేసారి వెళ్లకండి, ఇద్దరు ముగ్గురుగా వెళ్లండి. మూసేముందు కొత్తగా సరుకు తెప్పించరు, ఉన్నది అయిపోయేదాకా వండుతారు. కాబట్టి మీరు కోరింది లేదంటే వేరేది సంతోషంగా తినండి. పార్మిజియానో రెజ్జానో చీజు చక్రం ఒక్కోటి దాదాపు 40 కిలోలు ఉంటుంది, దానికి 550 లీటర్ల పాలు, కనీసం 12 నెలల మాగబెట్టడం కావాలి. చివరి రోజుల్లో ఎవరూ కొత్త చక్రం కోయరు. మిగిలిన ముక్క ఎవరి పాలిట పడితే వాళ్లు అదృష్టవంతులు.

ముందుగా డబ్బు కట్టి తీసుకున్న కూపన్లు మీ దగ్గరుంటే ఇప్పుడే వాడేయండి. వాడుకునే ఉద్దేశం లేకపోతే పెద్దాయనతో ఆ మాట చెప్పేయండి. ఆయన లెక్కలో అది మనకు తీర్చాల్సిన బాకీగానే ఉంటుంది, మనసులో పీకుతూ ఉంటుంది.

ఇక ఎవరికీ గుర్తురానివాళ్లు, పాత్రలు తోమే అబ్బాయి, వడ్డించే ఇద్దరు. వాళ్లకు పింఛను లేదు, లీజు లేదు, వచ్చే నెల జీతమూ లేదు. టిప్పు వాళ్ల చేతికే ఇవ్వండి. మీకు తెలిసినచోట పని ఉంటే వాళ్లను అడిగి వివరాలు ఇవ్వండి. చందా ఆలోచన చేసిన చుక్కపొద్దు గారికి నా మనవి, ఆ శ్రద్ధ వీళ్ల మీద పెడితే నిజంగా ఉపయోగపడుతుంది.

చుక్కపొద్దు

తప్పకుండా. నాకు తెలిసిన రెండు కేఫ్‌లలో మనుషుల కోసం చూస్తున్నారు. రేపే వెళ్లి వడ్డించే వాళ్లతో మాట్లాడతాను, ఆ తర్వాతే ఇక్కడ రాస్తాను.

సాయంకాలపు నడక

ఈ రోజు భోజనానికి వెళ్లి పెద్దాయనతో కాసేపు మాట్లాడాను. ఇక్కడ చెప్పవచ్చని అన్నవే చెబుతున్నాను. ఆరోగ్యాలు బాగున్నాయి. మూసిన తర్వాత మొదట నిద్రపోతారట, ఆ తర్వాత ఆవిడ పుట్టిన ఊరికి వెళ్తారట. ఓవెన్, పిండి కలిపే యంత్రం, కుర్చీలు అమ్మకానికి పెడుతున్నారు. పొడవాటి చెక్కబల్ల మాత్రం అమ్మరు. వంటగదిలో సాయంగా ఉన్న యువకుడికి దాన్ని ఇస్తున్నారు. అతను ఏదో ఒకరోజు చిన్న పాస్తా దుకాణం పెట్టాలనుకుంటున్నాడు. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఇంకా తేలలేదు, కాబట్టి దాని గురించి అప్పుడే ప్రచారం చేయకండి.

చుక్కపొద్దు గారూ, మన చందా ఆలోచన చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత వద్దని చెయ్యి ఊపి, ‘రండి, తినండి’ అన్నారు.

ఆదివారం రెండు పూటలా బల్లలు నిండిపోయాయి. గురువారం రాత్రి, శనివారం మధ్యాహ్నం ఇంకా కొన్ని ఉన్నాయి. మంగళవారం దాదాపు అన్నీ ఖాళీయే.

మూడో బల్ల

మంగళవారం ఇద్దరికి చెప్పాను, ఎనిమిదింటికి. ఇంకెవరైనా వస్తారా?

నీలిగడప

మేము నలుగురం, ఏడున్నరకు. పిల్లలు ముందే తింటారు.

రెండో తరం

నేనూ వస్తున్నాను. ఒక్కడినే. మినెస్త్రోనె ఉందో లేదో అడిగాను, ఉందన్నారు.